రైట్ క్లిక్ కొడితే కాపీ ఏది?

పెండ్లి కార్డులో పిల్ల పేరు తప్పు పడితే గిరాకీ జన్మలో మళ్లీ మన గడప తొక్కడు. అందుకే ప్రూఫు దిద్దేటప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడను. 2024 మాఘమాసంలో ఒకరోజు మాత్రం మాట్లాడక తప్పలేదు. దుబ్బాక దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూచొని స్క్రీను వైపే చూస్తున్నాడు. చిన్నబిడ్డ పెండ్లి. పెద్దబిడ్డకు కొట్టించిన కార్డే కావాలి, పేర్లూ తేదీలూ మారిస్తే చాలు. ఐదు నిమిషాల పని. పాత ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టాను. మెనూ తెరుచుకుంది. అందులో కాపీ అన్న మాట లేదు.

"ఏమైంది బిడ్డా, ఫైలు పోయిందా?"

"లేదు కాకా, ఫైలున్నది. కాపీ కనిపిస్తలేదు."

"కొత్త కంప్యూటర్ తెచ్చినా అంటివి గదా?"

"కొత్తదే. అందుకే కనిపిస్తలేదు."

కాపీ ఎక్కడికీ పోలేదు. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు కాగితాల బొమ్మగా మారింది. దాని పక్కన కత్తెర, ఆ పక్కన చెత్తబుట్ట, దేని కిందా పేరు లేదు. ఇంకో చిత్రం ఏమంటే ఆ బొమ్మల వరుస ఒక్కచోట నిలవదు. స్క్రీను మీద పైభాగంలో క్లిక్ కొడితే మెనూకు నెత్తిన ఉంటుంది, అడుగున కొడితే మెనూకు కాళ్ల దగ్గర ఉంటుంది. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చింది మొదలు ఇదే తంతు. ఆ బొమ్మల కింద పేర్లు రాయడానికి 2024 చివరిదాకా పట్టింది. మూడేళ్లు! అది కూడా మైక్రోసాఫ్ట్ కంపెనీకి తోచి చేసిన పని కాదు. దునియా మొత్తం మొత్తుకుంటే చేసింది.

సిద్దిపేటలో ఇరవై ఏండ్లకు పైగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పని నేర్చుకున్నది విండోస్ ఎక్స్‌పీ మీద. ఎక్స్‌పీ అనగానే చాలామందికి యాదికొచ్చేది స్క్రీను మీది ఆ పచ్చటి గుట్ట, నీలి ఆకాశం. మా షాపుకు వచ్చినాయన ఒకరు అది ఏ ఊరి గుట్టని అడిగేవాడు, కొమురవెల్లి దిక్కు ఉంటదేమో అని. అమెరికాలో కాలిఫోర్నియాలో తీసిన ఫోటో అంటే నమ్మలేదు. ఎక్స్‌పీ మీద పేజీలు కట్టే పేజ్‌మేకర్, దాంట్లో అనూ ఫాంట్లు, యాపిల్ కీబోర్డు పద్ధతి. ఇప్పటికీ జిల్లా ఊళ్లలో చాలా పెండ్లి కార్డులు ఈ మూడింటి మీదే బయటికొస్తున్నాయంటే హైదరాబాదు పిల్లలు నవ్వుతారు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. అయినా మా చేతులు దాన్ని విడవలేదు. విండోస్ మారిందని వినగానే రంగులు బాగున్నాయా లేదా అని మేము చూడం. పేజ్‌మేకర్ తెరుచుకుంటుందా, అనూ ఎక్కుతుందా, ప్రింటరు పలుకుతుందా, మా లోకమంతా ఈ మూడు ప్రశ్నలే.

విండోస్ 11లో పేజ్‌మేకర్ తెరుచుకుంది, నిజం చెప్పాలి. మొదటిరోజు తెలుగు బదులు తలమీద టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలు వచ్చాయి గానీ ఆ తప్పు నాదే. ఫాంట్లు ఎక్కించకముందే ఫైలు తెరిచాను. కాకా అది చూసి, "ఇంగ్లిష్‌ల ఒద్దు బిడ్డా, మావోళ్లకు రాదు" అన్నాడు.

కొత్త విండోస్ మీద జనం గోల చేసిన ప్రతిసారీ చదువుకున్న పెద్దలు ఒక మాట అంటారు: మనుషులకు మార్పంటే భయం, నాలుగు రోజులు అరిచి వాళ్లే అలవాటు పడతారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మార్పంటే భయమట! 2016 అక్టోబరు 11, దసరా పండుగనాడు, సిద్దిపేట జిల్లా అయింది. అప్పటిదాకా మేము మెదక్ జిల్లా. ఆ నెల నా షాపులో నడిచిన పని చూసినవాడెవడూ ఆ మాట అనడు. బడి లెటర్‌ప్యాడు, దుకాణం బిల్లుబుక్కు, రబ్బరు స్టాంపు, సంఘం రసీదు, లగ్నపత్రిక, ఒకటేమిటి, ఉన్న ప్రతి ఫైలులో 'జి. మెదక్' తీసి 'జి. సిద్దిపేట' పెట్టుడే పెట్టుడు. అచ్చయిపోయి కట్టలు కట్టి ఉన్న బిల్లుబుక్కులను పక్కన పడేసి కొత్తవి కొట్టించుకున్నారు. పైసలు దండగ అని ఒక్కడూ అనలేదు. ఒకాయన అర్జెంటు లేకపోయినా ఆ రాత్రికే కావాలని కూచున్నాడు, కొత్త పేరు చూసుకోవాలని. ఏండ్ల తరబడి అడిగి తెచ్చుకున్న మార్పు అది. మా పనిపద్ధతి మారిందని మేము ఏడ్వలేదు, మిఠాయిలు పంచుకున్నాం.

అడగని మార్పు వేరు. గొల్లభామ చీర నేసే మనిషి రాత్రి పండుకొని తెల్లారి మగ్గం ముందర కూచునేసరికి కాలికింది చెక్కలు అటువి ఇటు, ఇటువి అటు అయి ఉంటే ఎట్లుంటుంది? ఆ మనిషికి నేత రానట్టా? మా వేళ్లకు కళ్లుంటాయి. కీబోర్డు చూడకుండా తెలుగు కొడతాం, మౌసు ఎక్కడ ఆపితే ఏం వస్తుందో చూడకుండానే తెలుసు. ఆ తెలివి సంపాదించడానికి ఏండ్లు పట్టింది, అది మా పెట్టుబడి. దాన్ని ఒక అప్‌డేట్‌తో సున్నా చేసి, అలవాటు చేసుకో అంటే ఆ అలవాటయ్యే రోజుల కూలి ఎవరిస్తారు? 2025 డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలు మూడు విడతల్లో జరిగాయి. పాంప్లెట్ల కోసం అభ్యర్థులు కత్తెర గుర్తు, ఉంగరం గుర్తు పట్టుకొని నెత్తిమీద నిలబడితే మెనూ వెతుక్కునే తీరిక ఎవరికుంది?

విండోస్ చరిత్ర చూసినా గోల చేసినవాళ్లే చివరికి గెలిచారు. 2012లో విండోస్ 8 వచ్చింది. స్టార్ట్ బటన్ తీసేశారు. షట్‌డౌన్ ఎక్కడుందో తెలియక వైరు పీకిన మనుషులను నేను చూశాను. సంవత్సరం తిరగకుండానే 2013 అక్టోబరులో 8.1 అని తెచ్చి ఆ బటన్ మళ్లీ ఎడమ మూలన పెట్టారు. విండోస్ 11లో మొదట ఫైలును పట్టుకొచ్చి టాస్క్‌బార్ మీద వదిలితే తీసుకునేది కాదు. తిట్లు తిన్నాక 2022లో తెచ్చారు. తెరిచి ఉన్న ఫైళ్లకు కింద టాస్క్‌బార్‌లో విడివిడిగా పేర్లు కనబడటం 2023లో తిరిగొచ్చింది. పది పెండ్లి కార్డులు ఒకేసారి తెరిచి పెట్టుకునే నాలాంటివాడికి అది చిన్న సంగతి కాదు. ఇవన్నీ పాత విండోస్‌లో ఉన్నవే. ఉన్నవి తీసి, అరిపించుకొని, ఇచ్చి, కొత్త ఫీచర్ అన్నారు.

మంచి లేదా అంటే ఉంది. ఎక్స్‌పీ రోజుల్లో యూనికోడ్ తెలుగు కనబడాలంటే సీడీ పెట్టి కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి భాషల పెట్టెలో టిక్కు కొట్టాలి, లేకపోతే తెలుగు వచ్చేచోట డబ్బాలు కనబడేవి. ఇప్పుడు గిరాకీ వాట్సాప్‌లో పంపిన తెలుగు ఎవరినీ అడగకుండా చక్కగా కనబడుతుంది. స్క్రీనును రెండు సగాలు చేసి ఒకవైపు వాట్సాప్ మేటరు, ఒకవైపు పేజీ పెట్టుకోవడం విండోస్ 11లో ఇంకా సులువైంది. అది నాకు నచ్చింది. మా అబ్బాయికైతే మొత్తం నచ్చింది. వాడు ఎక్స్‌పీ చూడలేదు, వాడికి పోయింది ఏమీ లేదు.

రక్షణ సంగతీ ఒప్పుకుంటాను. 2017 మేలో వానాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకే తాళాలు పడ్డాయి. ఫైళ్లు కావాలంటే పైసలు కట్టమని తెరమీద రాత. ఆ కంత మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. కాబట్టి అప్‌డేట్ వద్దనే మూర్ఖత్వం నాకు లేదు. నా తగాదా ఇంకోదగ్గర ఉంది.

జిల్లా అయిన ఆ దసరాకే కొన్న కంప్యూటర్ ఒకటి నా షాపులో ఇంకా ఉంది. ఐ5, ఆరో తరం, ఎనిమిది జీబీ ర్యామ్. మధ్యలో హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించాను. సర్పంచ్ ఎన్నికల పాంప్లెట్లన్నీ దానిమీద చేసినవే. విండోస్ 11కు మాత్రం అది పనికిరాదు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే రక్షణ చిప్పు ఉండాలి. ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చిందే 2017లో. అంటే 2016లో పండుగపూట కొత్తది అని కొబ్బరికాయ కొట్టిన కంప్యూటర్‌కు 2021లోనే కొత్త విండోస్ తలుపు మూసేసింది. దాంట్లో నడిచే విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేశారు. హైదరాబాదులో ఒక దుకాణంలో అడిగితే, "అది స్క్రాపే అన్నా, రెండు వేలిస్తా, ఇచ్చిపో" అన్నాడు. పని చేసే ఎద్దును కోతకు అమ్మమన్నట్టు అనిపించింది.

రక్షణ అప్‌డేట్లకు ఒక ఏడాది గడువిచ్చారు, 2026 అక్టోబరు 13 దాకా. దానికీ షరతులు: ముప్పై డాలర్లు కట్టాలి, లేదా వాళ్ల రివార్డు పాయింట్లు వెయ్యి ఉండాలి, లేదా మన సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌లో దాచుకోవడానికి ఒప్పుకోవాలి. అదే ఐరోపా దేశాల్లో వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీసేసరికి, అక్కడివాళ్లకు డబ్బూ లేదు, ఆ బ్యాకప్ షరతూ లేదు, అకౌంటుతో లాగిన్ అయితే చాలు. మనం నిలదీయలేదు, మనకు ఆ షరతులు ఉన్నాయి. ఆ కంపెనీకి పెద్ద మనోడే అని మాత్రం చెప్పుకుంటాం. సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాడు. 2014 ఫిబ్రవరిలో ఆయన కుర్చీ ఎక్కాడు, ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్టు ఆగింది. అప్పటినుంచి షాపుకొచ్చే ప్రతివాడూ, "మీ సత్యకు ఒక ఫోన్ కొట్టరాదే" అని నామీద జోకు.

విండోస్ విడిచి లైనక్స్‌కు పోరాదా అంటారు. కేరళ సర్కారు బడుల్లో నడుస్తున్నది అదే, తెలుగులో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు దానికోసం ఏండ్లుగా కష్టపడుతున్నారు. చదువుకూ నెట్టుకూ అయితే నేనే ఎక్కించి ఇస్తాను, ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు సంకోచించకుండా పోవచ్చు. నా పేజ్‌మేకర్, నా ఇరవై ఏండ్ల అనూ ఫైళ్లు దాంట్లో సాఫీగా నడవవు. అక్కడ ఆగిపోయాను.

నేను కోరేది పెద్దదేం కాదు. కొత్త మెనూ పెట్టుకోండి, పాత మెనూ కావాలన్నవాడికి సెట్టింగుల్లో ఒక టిక్కు ఇవ్వండి, ఇంకో క్లిక్ కొడితేనే వచ్చేటట్టు లోపల దాచిపెట్టకండి. నడిచే కంప్యూటర్‌కు రక్షణ అప్‌డేట్లు అది నడిచినన్నాళ్లూ ఇవ్వండి. ఐరోపావాళ్లకు ఇచ్చింది సిద్దిపేటవాళ్లకూ ఇవ్వండి.

ఇది చదివేవాళ్లలో విండోస్ మీద పనిచేసే టైపిస్టులు, మీసేవ ఆపరేటర్లు, బడి పంతుళ్లు, ఆడిటర్ల దగ్గర గుమాస్తాలు ఉంటారు. మీకొక మాట. విండోస్ బటన్ పట్టుకొని ఎఫ్ కొట్టండి. ఫిర్యాదుల పెట్టె తెరుచుకుంటుంది. మీకు ఏం పోయిందో, దానివల్ల ఎంత సేపు ఆగారో మీకు వచ్చిన భాషలో రాయండి. విండోస్ 10 మీద ఉన్నవాళ్లు గడువు దాటకముందే సెట్టింగుల్లో అప్‌డేట్ పేజీ తెరిచి ఆ ఏడాది పొడిగింపు తీసుకోండి. డీటీపీ సోదరులైతే ఇవన్నీ చేసేముందు ఫాంట్ల ఫోల్డరు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కన పెట్టుకోండి.