నవమి ప్రయాణం కోసం ఏడాదంతా పెద్ద బండా?

ఖమ్మంలో చిన్న కారు కొంటానంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ‘‘దీంట్లో భద్రాచలం పోగలమా?’’ మా బావమరిది ధర అడగలేదు, మైలేజీ అడగలేదు. ‘‘నవమికి ఇంటిల్లిపాదీ ఎట్లా పోతాం బావా? అటునుంచి మారేడుమిల్లి పోదామంటే ఘాట్ ఎక్కుతదా?’’ అన్నాడు. ఏడాదికోసారి చేసే ఆ ప్రయాణం కోసమే ఊళ్లో సగంమంది ఏడు సీట్ల బండ్లు కొని, గాంధీచౌక్‌లో ముందుకూ వెనక్కూ తిప్పలేక అవస్థ పడుతున్నారు.

కమాన్ బజార్‌లో మాది బట్టల కొట్టు. నాది సెకండ్‌హ్యాండ్ నానో, వెనక డిక్కీ తలుపు తెరుచుకోని పాత మోడల్. వెనక సీటు మడిచి చీరల మూటలు వేస్తాను. పొడవు 3.1 మీటర్లు, వెడల్పు మీటరున్నర. ఇన్నోవా క్రిస్టా 4.7 మీటర్లుంటుంది. సందులో ఎదురుగా ఆటో వస్తే పొడవులో ఈ 1.6 మీటర్ల తేడా విలువేమిటో తెలుస్తుంది.

రతన్ టాటా 2008 జనవరిలో ఢిల్లీలో నానోను చూపించినప్పుడు లక్ష రూపాయల కారని దేశమంతా మురిసింది. 2018కల్లా తయారీ ఆగింది. తొలినాళ్లలో కొన్ని బండ్లు కాలిపోయాయి, నిజమే. కానీ అసలు దెబ్బ ‘చౌక’ అన్న పేరుతోనే తగిలింది. కారు మనకు హోదా, అల్లుడికిచ్చే మర్యాద. చౌక మర్యాద ఎవరికి కావాలి?

అట్లాగని నానోలో భద్రాచలం పొమ్మని నేను చెప్పను. కొత్తగూడెం దాటాక బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే ఆరొందల కిలోల బండి ఊగిపోతుంది. నేనైతే బస్సెక్కుతాను. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్టే లేదాయె. దిగాక గుడికి ఆటో ఉంది. చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్లలో ఆ ఆటోయే సంతకు, బడికి, ఆస్పత్రికి కూడా. అడవి అంచున చెల్లిన చిన్న బండి పట్నంలో మనకు నామోషీ!

ప్రభుత్వాలదీ తప్పుంది. పెట్రోలు కార్లలో పొడవు 4 మీటర్లు, ఇంజను 1200 సీసీ మించకపోతే తక్కువ పన్ను. అందుకే కంపెనీలు 3.99 మీటర్ల దగ్గర ఆపుతాయి. మూడు మీటర్ల బండికి అదనపు మేలేమీ లేదు. జపాన్‌లో 3.4 మీటర్లు, 660 సీసీ దాటని ‘కే’ కార్లకు పన్ను తక్కువ. పార్కింగ్ స్థలం చూపాలన్న నిబంధన కూడా చాలాచోట్ల సడలించారు. అక్కడ చిన్న కారు నడపడం తెలివి.

పన్ను మన చేతిలో లేదు. పార్కింగ్ మాత్రం ఖమ్మం కార్పొరేషన్ చేతిలోనే ఉంది. వైరా రోడ్డులో, కమాన్ బజార్‌లో చిన్న బండ్లకు వేరే గడులు గీయండి, పెద్ద బండ్లకు పొడవును బట్టి రుసుము పెట్టండి. వచ్చే పండుగ సీజన్‌లోపే మొదలుపెట్టండి.