గెలిచినవారి బాకీ: వేల్స్, 1904

పీడనకు గురైన సమూహాల విజయగాథలు చెప్పుకోవడంలో మనకొక అలవాటు స్థిరపడిపోయింది. వారికి జరిగిన అన్యాయాన్ని వివరంగా చెబుతాం. వారి తిరుగుబాటును మరింత వివరంగా చెబుతాం. అధికారం చేతికందాక వారేం చేశారన్న ఘట్టం రాగానే పేజీ తిప్పేస్తాం. 1904 మార్చిలో వేల్స్‌లో జరిగిన కౌంటీ కౌన్సిల్ ఎన్నికలను అంతరాత్మ స్వేచ్ఛకు దక్కిన మచ్చలేని విజయంగా కీర్తించేవారు చేస్తున్నదీ ఇదే. ఆ కీర్తనతో నాకు పేచీ ఉంది.

వారి ఫిర్యాదు మాత్రం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. వేల్స్‌లో ఆరాధనకు వెళ్లేవారిలో అత్యధికులు బాప్టిస్టులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు. వీరందరినీ కలిపి నాన్‌కన్ఫర్మిస్టులు అనేవారు. ప్రభుత్వం గుర్తించి పోషించే ఆంగ్లికన్ చర్చి వీరిది కాదు. సొంత చందాలతో తమ చాపెళ్లు కట్టుకుంటూనే, తమది కాని ఆ చర్చికి దశమభాగం చెల్లించవలసి వచ్చేది. 1880ల చివర డెన్‌బీషైర్‌లో చెల్లించమని మొండికేసిన రైతుల పశువులను జప్తు చేయడానికి అధికారులు పోలీసులను, సైనికులను కూడా వెంటబెట్టుకుని వచ్చారు.

ఆ పుండు మానకముందే ప్రధాని బాల్ఫోర్ 1902 విద్యాచట్టం తెచ్చాడు. అంతవరకు ప్రజలెన్నుకున్న స్కూల్ బోర్డులను రద్దు చేసి, ప్రాథమిక విద్యను కౌంటీ కౌన్సిళ్లకు (మన జిల్లా పరిషత్తుల వంటివనుకోండి), పెద్ద పట్టణాల పురపాలక మండలులకు అప్పగించాడు. స్కూల్ బోర్డులకు మహిళలు కూడా ఎన్నికయ్యేవారు. కౌంటీ కౌన్సిళ్లలో కూర్చునే హక్కు వారికి 1907 దాకా రాలేదు. ఈ నష్టం గురించి నాటి వీరులు గొంతు చించుకున్నది తక్కువే.

అసలు మంట మరోచోట రగిలింది. ఇకపై చర్చి నడిపే బడుల రోజువారీ ఖర్చు, ఉపాధ్యాయుల జీతాలతో సహా, స్థానిక పన్ను నుంచే ఇవ్వాలి. కాని ఆ బడి యాజమాన్యంలో ఆరుగురుంటే నలుగురు చర్చివారు, ఇద్దరే ప్రజాసంస్థల ప్రతినిధులు. ఉపాధ్యాయుల నియామకం ఆ నలుగురి చేతిలోనే. పల్లెల్లో చాలాచోట్ల ఉన్న ఒకే ఒక్క బడి చర్చిదే. రాతిగనిలో పనిచేసే మెథడిస్టు ఆ బడికి పన్ను కట్టాలి. అతని కూతురు ఎంత చదివినా, శాఖ మారితే తప్ప, ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలు కాలేదు.

ఇంగ్లండులో జాన్ క్లిఫర్డ్ అనే బాప్టిస్టు బోధకుని పిలుపునందుకున్నవారు పన్నులో ఆ వాటా కట్టడం మానేశారు. వారి ఇళ్లలోని సామాను వేలానికి వచ్చింది. కొందరు జైలుకూ వెళ్లారు. కెర్నార్వన్ పార్లమెంటు సభ్యుడు లాయిడ్ జార్జ్ వేల్స్‌కు మరో దారి చూపాడు. చట్టాన్ని ధిక్కరించవద్దు, కౌన్సిళ్లను గెలుచుకుందాం అన్నాడు. చర్చి బడులకు ప్రభుత్వ గ్రాంటు మాత్రం చేరవేద్దాం. అవి ప్రజల అజమాయిషీకి ఒప్పుకునేదాకా, భవనాలు సక్రమంగా ఉన్నాయని తేలేదాకా స్థానిక పన్నులో పైసా విదల్చవద్దన్నాడు.

జీవితకాలం ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి. "భవనం నిబంధనల ప్రకారం లేదు" అన్న వాక్యంలోని పదును నాకు బాగా తెలుసు. కాదు అని చెప్పనక్కరలేదు. పరిశీలనలో ఉంది అంటే చాలు. అవతలివాడు తిరిగి తిరిగి అలసిపోతాడు.

1903లో లాయిడ్ జార్జ్ సెయింట్ ఆసఫ్ బిషప్పుతో రాజీ మాటలు కూడా నడిపాడు, అవి ఫలించలేదు. మరుసటి మార్చిలో ఎన్నికలొచ్చాయి. రోడ్లు, వంతెనల ఊసు వెనక్కిపోయింది. బడి ఒక్కటే ప్రశ్న అయింది. మన్‌మత్‌షైర్‌తో కలిపి పదమూడు కౌంటీల్లోనూ చట్టాన్ని వ్యతిరేకించిన లిబరల్ పక్షానికే ఆధిక్యం దక్కింది. స్థానిక ఎన్నికలంటే చిల్లర వ్యవహారమని ఈసడించేవారు ఈ ఫలితాన్ని చూడాలి.

కీర్తనకారులు పేజీ తిప్పేది ఇక్కడే. పన్ను సొమ్ము బిగబడితే దెబ్బ తగిలింది ఎవరికి? బాల్ఫోర్‌కు కాదు, బిషప్పుకు కాదు. చట్టం రాయడంలో ఏ పాత్రా లేని ఉపాధ్యాయునికి, చలికాలంలో పొయ్యి రాజేయవలసిన తరగతి గదికి. పైగా "రోమ్‌కు మన పన్ను సొమ్మా?" అన్నది ఆ ఉద్యమ నినాదాల్లో ఒకటి. దాని గురి కాథలిక్కుల మీద. దక్షిణ వేల్స్ గనుల్లో, రేవుల్లో చెమటోడ్చే ఐరిష్ కూలీల పిల్లలు చదివే బడులవి. వేల్స్‌లో నిజమైన అల్పసంఖ్యాకులు వారు. లండన్ ముందు అల్పసంఖ్యాకులుగా నిలబడి న్యాయమడిగినవారే, సొంత కౌన్సిల్లో సంఖ్యాబలం చేతికి రాగానే తమకంటే చిన్నవారిపై ఆ బలాన్ని ప్రయోగించారు. దీన్ని అంతరాత్మ విజయమంటే నేనొప్పుకోను.

ప్రభుత్వం చేసిందీ ఒప్పు కాదు. 1904 ఆగస్టులో మరో చట్టం తెచ్చి, కౌన్సిల్ ఇవ్వని సొమ్మును విద్యాశాఖే నేరుగా చర్చి బడులకిచ్చి, దాన్ని ఆ కౌన్సిల్‌కు రావలసిన గ్రాంటులో కోసుకునే వీలు కల్పించుకుంది. ఓటరు తీర్పును గుమాస్తా లెక్కతో కొట్టివేయడమే ఇది. దానికి లాయిడ్ జార్జ్ జవాబు, పిల్లలను బడి మాన్పించి చాపెళ్లలో చదివిద్దామని! మెరియొనెత్ కౌంటీపై ఆ చట్టాన్ని ప్రయోగించారు కూడా. రెండు పక్షాలూ పిల్లలనే పందెం కాశాయి.

1906 సాధారణ ఎన్నికల్లో వేల్స్ నుంచి ఒక్క కన్సర్వేటివ్ కూడా గెలవలేదు. కొత్త లిబరల్ ప్రభుత్వం తెచ్చిన విద్యాబిల్లు ప్రభువుల సభలో చచ్చింది. 1902 చట్టం మిగిలింది, పంతమూ మిగిలింది. స్వాన్సీలో పట్టణ విద్యాధికార సంస్థ తన బడుల ఉపాధ్యాయులకు ఒక జీతం, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ చర్చి బడి ఉపాధ్యాయులకు అంతకంటే తక్కువ జీతం ఇచ్చింది. పని ఒకటే, పట్టణమొకటే. యాజమాన్యం ఫిర్యాదు చేస్తే విద్యాశాఖ విచారణ జరిపించింది. విచారణాధికారి నివేదిక బడికి అనుకూలంగా వచ్చినా, స్థానిక సంస్థ వైపే మొగ్గింది. చివరకు 1911లో ప్రభువుల సభ న్యాయపీఠం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. నిర్ణయించే అధికారమున్నవారు సద్బుద్ధితో, ఇరుపక్షాల మాట న్యాయంగా వినాలని అందులో లార్డ్ లోర్‌బర్న్ చెప్పిన సూత్రాన్ని మన న్యాయస్థానాలు కూడా ఉదహరిస్తుంటాయి. అల్పసంఖ్యాకుల యాజమాన్యంలో ఉందన్న కారణంగా ఏ విద్యాసంస్థకూ సాయంలో వివక్ష చూపరాదని మన రాజ్యాంగం 30వ అధికరణ రెండో ఖండం చెబుతోంది. స్వాన్సీ ఉపాధ్యాయులకు అటువంటి రక్షణ లేదు, వారు కోర్టు మెట్లెక్కిన యాజమాన్యంపైనే ఆధారపడవలసి వచ్చింది. తీర్పు చెప్పిన లోర్‌బర్న్ ఎవరో కాదు, అదే లిబరల్ ప్రభుత్వంలోని లార్డ్ ఛాన్సలర్. ఆ ప్రభుత్వంలో అప్పటికి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్.