పిల్లల క్యాన్సర్‌కు చందాలు: యంత్రం కొంటే సరిపోతుందా?

ఖమ్మం: క్యాన్సర్ పెద్దల జబ్బేనన్న నమ్మకం మన పల్లెల్లో ఇంకా పోలేదు. పిల్లలకూ వస్తుంది. అందులో ఎక్కువగా కనిపించేది రక్త క్యాన్సర్. క్యాన్సర్ సోకిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా సంపన్న దేశాల్లో బతికి బయటపడుతుండగా, పేద దేశాల్లో 30 మంది కూడా దక్కడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ తేడాను చందాలతో కొంతైనా పూడ్చవచ్చు. హైదరాబాదులో బసవతారకం ఆసుపత్రికి ప్రభుత్వం స్థలమిస్తే, అమెరికాలోని తెలుగు డాక్టర్లు, దాతలు డబ్బు కూర్చారు. 2000 జూన్‌లో అది ప్రారంభమైంది. ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రికి 2023లో అరబిందో ఫార్మా ఫౌండేషన్ 80 కోట్ల రూపాయలతో 300 పడకల భవనం కట్టించి ఇచ్చింది.

అయితే మన దగ్గరా అలాంటి పెద్ద యంత్రమే పెట్టాలనడం తొందరపాటు. రేడియేషన్ యంత్రం ఖరీదు కోట్లలో వుంటుంది. మందపాటి కాంక్రీటు గోడల గది, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, నిపుణులు తప్పనిసరి. కోబాల్టు యంత్రమైతే ఐదేళ్ల పైచిలుకులో దాని శక్తి సగానికి పడిపోతుంది. పైగా రక్త క్యాన్సర్ పిల్లలకు ముఖ్యమైన వైద్యం మందులే. రెండు మూడేళ్లు మానకుండా వాడాలి.

చిక్కంతా ఇక్కడే వుంది. మందు పడ్డాక బిడ్డ రక్తకణాలు తగ్గుతాయి. అప్పుడు జ్వరం వస్తే గంటలు లెక్క. చర్ల, దుమ్ముగూడెం పల్లెల నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్ల పైమాటే. రక్తం నుంచి ప్లేట్‌లెట్లను వేరుచేసే యంత్రం, వాటిని నిలవచేసే పెట్టె, సూదిమందు చుక్కలను కొలిచి ఎక్కించే పంపు దగ్గరలో వుంటే ప్రాణం నిలుస్తుంది. చందా ముందు వీటికి పోవాలి.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మంచిదే. కాని బిడ్డ వెంట నెలల తరబడి వుండే తల్లి పోగొట్టుకునే కూలి అందులో రాదు. మధ్యలో వైద్యం మానేయడానికి ఇదొక పెద్ద కారణం.

ఇంకో మాట. యంత్రం మీద పేరు రాయించుకోవడానికి దాతలు ముందుకొస్తారు, దాని మరమ్మతుకు ఎవరూ రారు. కనుక వసూలులో కొంత భాగం విడిభాగాలకు, టెక్నీషియన్ జీతానికి విడిగా బ్యాంకులో వేసి, లెక్కలు ఆసుపత్రి గోడమీద అంటించాలి.

ఎటపాక, కూనవరం, చింతూరు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసినా, అక్కడివారికి దగ్గరి పెద్దాసుపత్రి భద్రాచలమే. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపువారూ వస్తారు. చందాతో కొన్న పరికరం వద్ద ఏ రాష్ట్రం కార్డని అడగరాదని వసూలుకు ముందే తీర్మానం రాసుకోవాలి.