మార్పు వద్దన్నది ఎవరి కోసం?

స్వర్ణయుగాన్ని తిరిగి తెస్తామనే వాగ్దానానికి ఎప్పుడూ రెండు నాలుకలుంటాయి. బలహీనుడు తన వాటా అడిగితే ‘సంప్రదాయాన్ని తాకరాదు’ అంటుంది ఒక నాలుక. బలవంతుడికి లాభం కనిపిస్తే ‘కాలంతో పాటు మారక తప్పదు’ అంటుంది రెండోది. ఈ ద్వంద్వనీతిని చూడటానికి ఎన్నికల సభకే పోనక్కరలేదు. బ్లిజార్డ్ సంస్థ 2019 ఆగస్టులో విడుదల చేసిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్’ అనే ఆట చరిత్ర చాలు.

ఈ ఆట తొలిరూపం 2004 నవంబరులో వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ కొత్త చేర్పుల కింద ఆ పాత ప్రపంచం కనుమరుగైంది. అది మళ్లీ కావాలని 2013లో ఆటగాళ్లు అడిగితే, మీకు కావాలనిపిస్తుంది గానీ నిజానికి అక్కరలేదన్న ధోరణిలో కంపెనీ ప్రతినిధి కొట్టిపారేశారు. అభిమానులే నడుపుకుంటున్న ‘నోస్టాల్రియస్’ సర్వర్ చట్టపరమైన హెచ్చరికలతో 2016 ఏప్రిల్‌లో మూతపడింది. దాని కోసం రెండున్నర లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ఆ తరువాతనే, 2017లో, క్లాసిక్ ప్రకటన వెలువడింది. కాబట్టి అది కంపెనీ దయాభిక్ష కాదు, ఆటగాళ్లు పోరాడి సాధించుకున్నది. ఆ పోరాటంలో పుట్టిన నినాదమే ‘మార్పు వద్దు’.

నినాదం బాగుంది. దాని భారం మాత్రం అందరి మీదా సమానంగా పడలేదు. ఆట పరిభాషలో ‘క్లాస్’ అంటే పాత్ర చేపట్టే వృత్తి. నలభై మంది కలిసి చేసే దండయాత్రల్లో వారియర్‌దే రాజ్యం. శత్రువు దెబ్బలు కాచుకునేదీ అతడే, అత్యధికంగా దెబ్బతీసేదీ అతడే. కత్తి పట్టి పోరాడాలని పాలడిన్‌ను ఎంచుకున్నవాడికి వైద్యుడి పీట వేసి కూర్చోబెట్టారు. శత్రువును బలవంతంగా తనవైపు తిప్పుకునే విద్య అతడికి లేదు, కనుక ముందు వరుసలో నిలిచే అర్హతా లేదు. యుద్ధం ముగిశాక పడిపోయిన సహచరుడిని లేపే మామూలు మంత్రం కూడా డ్రూయిడ్‌కు ఇవ్వలేదు. ఒక శత్రువు మీద ఏకకాలంలో పదహారు శాపాలకు మించి నిలవవన్న సాంకేతిక పరిమితి ఉన్నందున, శాపాలే ఆయుధమైన వార్లాక్‌లు తమ విద్యను తామే దాచుకోవలసి వచ్చింది. పుట్టుకతోనే పని నిర్ణయమైపోయే వ్యవస్థను ఈ దేశపు పాఠకుడికి ప్రత్యేకంగా వర్ణించి చెప్పాలా? దీన్ని సరిదిద్దమంటే వచ్చిన సమాధానం ఒక్కటే: అప్పుడు ఇలాగే ఉండేది.

ఇక ఆర్థిక వ్యవస్థ. అరవయ్యో స్థాయిలో వేగవంతమైన గుర్రానికి దాదాపు వెయ్యి బంగారు నాణేలు కావాలి. సామాన్య ఆటగాడికి అది వారాల శ్రమ. ఈ శ్రమకూ బంగారానికీ ఉన్న లంకెను నాణేలు తవ్విపోసే యాంత్రిక ఖాతాలు తెంచేశాయి. పై స్థాయి ఔషధాలకు అవసరమైన ‘బ్లాక్ లోటస్’ అనే పువ్వు, పాతకాలం కంటే ఎన్నో రెట్లు జనాభా పెరిగిన సర్వర్లలో సంపన్నుల సొత్తయింది. దండయాత్రలో దొరికిన ఆయుధాలను బంగారానికి వేలం వేసి, వచ్చిన సొమ్మును పంచుకునే ‘జీడీకేపీ’ పద్ధతి బలపడింది. ఖాళీ చేతులతో వెళ్లినవాడికీ వాటా దక్కుతుంది కదా అని దాన్ని సమర్థించేవారున్నారు. నిజమే, దక్కుతుంది. కానీ మంచి కత్తి ఎవరిది? దొంగ బంగారం కొన్నవాడిది. వాటా తీసుకున్న పేదవాడు తెలియకుండానే ఆ దొంగ సొమ్ము చెలామణికి సాక్షి అవుతాడు.

సరే, మార్పు వద్దన్నది నియమమే అయితే అది కంపెనీకీ వర్తించాలి. వర్తించిందా? 2021లో ‘బర్నింగ్ క్రూసేడ్’ దశ రాగానే, పాత్రను ఒక్కసారిగా యాభై ఎనిమిదో స్థాయికి చేర్చే అవకాశాన్ని దాదాపు 40 డాలర్లకు అమ్మారు. 2007 నాటి అసలు ఆటలో అలాంటి అంగడి లేదు. 2023 మేలో ‘రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్’ దశలోకి ‘టోకెన్’ వచ్చింది. ఒకరు 20 డాలర్లు పెట్టి దాన్ని కొని బంగారానికి అమ్ముకుంటే, మరొకరు ఆ బంగారమిచ్చి నెల రోజుల చందా పొందుతారు. మామూలు నెల చందా 15 డాలర్లు. ఐదు డాలర్ల తేడా ఎవరి పెట్టెలో పడిందో లెక్క చెప్పనక్కరలేదు. 2008లో ఈ టోకెనూ లేదు. పాలడిన్‌కు అడ్డొచ్చిన చరిత్ర గల్లాపెట్టెకు అడ్డు రాలేదు!

దొంగ వ్యాపారాన్ని అరికట్టడానికే టోకెన్ అన్న వాదన ఒకటుంది. అది పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. 2020 జూన్‌లో, ఒక్క నెల వ్యవధిలో 74,000కు పైగా ఖాతాలపై చర్య తీసుకున్నట్లు కంపెనీయే ప్రకటించింది. సమస్య పెద్దదే. కానీ సారా దొంగరవాణా ఆగడం లేదని ప్రభుత్వమే దుకాణం తెరిస్తే తాగుడు తగ్గిందని ఎవరూ అనరు. డబ్బు పెట్టి బలం కొనడం తప్పయితే ఎవరు అమ్మినా తప్పే. తప్పు కాకపోతే ఆ ఖాతాలను మూయడమెందుకు?

అసమానతను సరిదిద్దడం అసాధ్యమన్న సాకు కూడా మిగలలేదు. 2023 నవంబరులో విడిగా ప్రారంభించిన ‘సీజన్ ఆఫ్ డిస్కవరీ’ సర్వర్లలో పాలడిన్‌కు శత్రువును తిప్పుకునే శక్తి వచ్చింది, మాంత్రికుడు వైద్యం చేశాడు, వార్లాక్ ముందు వరుసలో నిలిచాడు. ఆకాశమేమీ విరిగిపడలేదు. అదే సర్వర్లలో 2024 ఫిబ్రవరిలో జీడీకేపీని నిషేధించారు. అంటే, చేయగలరు. ఇన్నాళ్లూ చేయదలచుకోలేదు, అంతే.

పాతదనం మంచిదా, మార్పు మంచిదా అన్నది ఇక్కడ తేలవలసిన ప్రశ్న కాదు. ఏది మారాలో నిర్ణయించేది ఎవరు? 2013లో ఇలాగే పాతరూపంలో తిరిగి వచ్చిన ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’లో కొత్త చేర్పులను ఆటగాళ్ల ఓటుకు పెడుతున్నారు, ఆమోదానికి మొదట 75 శాతం, తరువాత 70 శాతం మద్దతు అవసరమని నిబంధన పెట్టుకున్నారు. చందా ధర అక్కడా ఓటుకు రాదు. అయినా కత్తి పదును మీద జనం మాట చెల్లుతోంది.

ఆటే కదా అని చప్పరించేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. గతాన్ని పవిత్రమని ప్రకటించి, దానిలోని అన్యాయాలను మాత్రం యథాతథంగా నిలిపి, లాభాలకు మాత్రం కొత్త తలుపులు తెరిచే నేర్పు తెర మీద ఆగిపోదు. దానికి అలవాటుపడిన కళ్లు పోలింగ్ కేంద్రానికీ వస్తాయి. ‘మా తాతల నాడు ఇలాగే ఉండేది’ అని ఎవరైనా చెప్పినప్పుడు అడగవలసినది ఒక్కటే: ఆ నాటి గల్లాపెట్టె కూడా అలాగే ఉందా?