కంప్యూటరు శాస్త్రము మన పిల్లలకేల?

కంప్యూటరు నేర్చినవారికి పట్టణములో ఉద్యోగము దొరకును గనుక ఆ విద్య మంచిదని తలిదండ్రులు పలువురు మాతో చెప్పుచుందురు. ఉద్యోగము మంచిదే. అయినను, భీమ్‌గల్ విడువక పొలము దున్నుకొనువానికిని ఈ శాస్త్రము అంతే అవసరమని మా యభిప్రాయము.

మన ప్రాంతపు పసుపు నిజామాబాదు మార్కెట్ యార్డునకు పోవుచున్నది. 2016 ఏప్రిల్ 14వ తేదీన ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణి దేశములో 21 మార్కెట్లతో ప్రారంభమయినప్పుడు, వానిలో నిజామాబాదును ఒకటి. ఈ పద్ధతిలో వర్తకులు తమ ధరలను కంప్యూటరులో నమోదు చేయుదురు. హెచ్చు ధర యెవరిదో యంత్రము తెలుపును.

ఈ సంగతి తరగతిలో చెప్పగా, పసుపు పండించు రైతు బిడ్డ యొకతె లేచి, "హెచ్చు ధర యేదో యంత్రమున కెట్లు తెలియును?" అని యడిగెను. మేము 8 చీటీలపై 8 ధరలు వ్రాసి, బల్లపై బోర్లించి, ఒక్కొక్కటిగా తీసి చూడుమంటిమి. ఆమె మొదటి చీటీని చేతనుంచుకొని, రెండవదానితో పోల్చి, పెద్దదానిని నిలుపుకొని చిన్నదానిని విడిచెను. ఇట్లు 7 పోలికలలో హెచ్చు ధర చేతికి వచ్చెను. యంత్రమునకును ఇట్టి క్రమమునే ఎవరో ముందుగా వ్రాసి యిచ్చియుందురు. చీటీలు లక్షయైనను క్రమ మదియే. యంత్రమునకు వేగము మాత్ర మెక్కువ.

పిమ్మట ఒక చీటీపై కావలెననియే ఒక సున్న యెక్కువ వ్రాసితిమి. ఆ తప్పు ధరయే గెలిచెను. పిల్లలు నవ్విరి. పోల్చుటలో దోషము లేదు. వ్రాయుటలో దోషము కలదు. నేడు భూముల లెక్కలు, పింఛనులు, బ్యాంకు ఖాతాలు అన్నియు కంప్యూటర్లలోనే యున్నవి. ఒక అంకె తప్పినచో కనిపెట్టి, ధైర్యముగా అడుగగలవారు ప్రతి యింట ఒక్కరైన నుండవలెను. యంత్రము చెప్పినదని తలవంచు కుటుంబమునకు నష్టము తప్పదు.

ఈ శాస్త్రము పల్లెబిడ్డలకు అందనిది కాదు. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డిగారు, మనుష్యుల మాటను యంత్రము గ్రహించునట్లు చేయు విద్యలో కృషి చేసి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌గారితో కలసి ట్యూరింగ్ బహుమానము నందిరి. గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో స్థాపింపబడిన బాసర ట్రిపుల్ ఐటీ మనకు దూరము కాదు. పదవ తరగతి ఫలితములను బట్టి అందు ప్రవేశము లభించును.

తలిదండ్రులారా, పిల్లల చేతికి ఫోను ఇచ్చినంతమాత్రమున ఈ విద్య నేర్పినట్లు కాదు. ఫోనులో చూచినదానిని గూర్చి "ఇది యెట్లు జరిగినది?" అని వారి నడుగుడు.

విద్యార్థులారా, ఇంట కంప్యూటరు లేదని చింతింపకుడు. ఏ పనినైనను మెట్లుమెట్లుగా విడదీసి కాగితముపై వ్రాయుడు. వచ్చిన ఫలితమును మరల సరిచూడుడు. ఈ సెలవులలో ఎనిమిది చీటీలతోనే మొదలుపెట్టుడు. బడి తెరచిన దినమున మీరు వ్రాసిన క్రమమును మాకు చూపుడు.