లెటర్‌లో తప్పు చూశారు, ట్యాపులు చూడలేదు

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మొన్న ఇంటర్ చదివే ఒక చెల్లి వార్డెన్‌కి ఇంగ్లీషులో లెటర్ రాసింది, హాస్టల్లో మూడు ట్యాపులు పనిచేయట్లేదని. 'ట్యాప్స్' అని రాయాల్సిన చోట ఎస్ ముందు పైన కామా పెట్టి 'ట్యాప్'స్' అని రాసింది. ఎవరో దాన్ని ఫోటో తీసి మన గ్రూపులోనే పెట్టారు. నవ్వే బొమ్మలు ఎన్ని పడ్డాయో మీరే చూశారు. ట్యాపుల సంగతి ఒక్కరూ అడగలేదు. నవ్వింది బయటివాళ్ళు కాదు, మనమే.

ఆ కామా ఎందుకు తప్పో నవ్విన వాళ్ళలో ఎంతమంది చెప్పగలరు? నాకైతే డిగ్రీలో చేరేదాకా తెలీదు. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదట. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఆ తర్వాతే ఇంగ్లీషు. తెలుగులో 'విద్యార్థి గది', 'విద్యార్థుల గది' అంటే చెవికే తేడా తెలిసిపోద్ది. ఇంగ్లీషులో చాలామంది అమ్మాయిలన్నా, ఒక అమ్మాయిది అన్నా, అమ్మాయిలందరిదీ అన్నా నోటికి ఒకటే 'గర్ల్స్'. తేడా అంతా కాగితం మీదే. ఎవరూ రాసి చూపించకపోతే ఎట్లా వస్తది?

పది నిమిషాల పని, ఇదిగో:

1. ఒకటికంటే ఎక్కువ అని చెప్పాలంటే ఉత్త ఎస్. కామా వద్దు. ట్యాప్స్, రూమ్స్, ఫ్యాన్స్.
2. ఒకరిది అంటే ఎస్ ముందు కామా. వార్డెన్'స్ రూమ్.
3. చాలామందిది అంటే ఎస్ తర్వాత కామా. గర్ల్స్' హాస్టల్. చిల్డ్రన్, విమెన్ లాంటివాటికి చివర ఎస్ లేదు కాబట్టి మళ్ళీ ఎస్ ముందే: చిల్డ్రన్'స్, విమెన్'స్.
4. 'దాని' అనే 'ఇట్స్'కి కామా లేదు. 'ఇట్ ఈజ్'ని కుదిస్తేనే కామా.

దీనికీ తెలివికీ సంబంధం లేదు. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలోనే 'దాని' అనే 'ఇట్స్'కి కామా పెట్టారు. ఇప్పటి రూల్ ప్రకారం అది తప్పే. ఇంగ్లండ్‌లో కూరగాయల కొట్ల బోర్డుల మీద మన చెల్లి చేసిన తప్పే ఎంత మామూలంటే, దాన్ని 'గ్రీన్‌గ్రోసర్'స్ అపోస్ట్రఫీ' అనే పిలుస్తారు. అక్కడ పుస్తకాలమ్మే పెద్ద కంపెనీ వాటర్‌స్టోన్స్ 2012లో తన పేరులోంచి ఆ గుర్తే తీసేసింది.

అయితే మనమూ వదిలేద్దామా? వద్దు. వాళ్ళు వదిలేస్తే స్టైల్ అంటారు, మనం వదిలేస్తే చదువు రాదంటారు. మన ఊరి పేరు చూడగానే తక్కువ చేసేవాడికి ఇంకో సాకు మనమే ఎందుకివ్వాలి? నేర్చుకుందాం. తెలిసినవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. నవ్వితే ఆ పిల్ల ఇంకోసారి లెటర్ రాయదు. అప్పుడు ట్యాపుల గురించి అడిగేదెవరు?

చెల్లీ, ఆ ఒక్క గుర్తు తీసేసి లెటర్ మళ్ళీ ఇవ్వు. కింద మేమూ సంతకాలు పెడతాం. ఫోటో పెట్టినవాళ్ళు మొదటి సంతకం పెట్టండి.