నడుము నొప్పి: చిత్రం కంటే ముందు చెయ్యి

నడుము నొప్పి రాగానే మన గృహస్థులు మొదట స్కానింగుకు పరుగెత్తుతున్నారు. అందులో ‘డిస్కు ఉబ్బింది’ అన్న మాట కనబడితే ఇంటిల్లిపాదికీ దిగులే. 1994లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా 52 శాతం మందిలో కనీసం ఒకచోట డిస్కు ఉబ్బు కనబడింది. కనుక చిత్రంలో ఉబ్బు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే మూలమని తీర్మానించరాదు.

చార్మినారు సమీపంలోని మా వైద్యశాలకు లాడ్ బజారు లక్కగాజుల పనివారు చాలాకాలంగా వస్తున్నారు. (నేను వైద్యుణ్ణో హకీమునో వారికి పట్టింపు లేదు, నన్నూ ‘హకీం సాబ్’ అనే పిలుస్తారు.) ఒక నడివయసు పనివాడు స్కానింగు కాగితాలు చంకన పెట్టుకొని వచ్చాడు. ఎనిమిది నెలల నొప్పి. మాత్రలు, బెల్టు, గట్టి పడక అన్నీ అయినవి. “ఇన్ని చోట్ల తిరిగాను హకీం సాబ్, నా నడుము మీద చెయ్యి వేసి చూసినవారు లేరు” అన్నాడు.

గాజు చేసేటప్పుడు ఎలా కూర్చుంటావో చూపమన్నాను. నిప్పుల కుంపటి కుడిపక్కన. పగలంతా అటే ఒరిగి పని. బోర్లా పడుకోబెట్టి తడిమితే, చివరి పక్కటెముకకూ కటి ఎముకకూ నడుమ ఉండే కండరం కుడివైపున త్రాడువలె బిగిసి ఉంది. అక్కడ బొటనవేలు ఆనించగానే పిరుదు పట్టుకొని “ఇదే నొప్పి!” అన్నాడు. కండరం బిగిసిన చోటు ఒకటి, బాధ తెలిసే చోటు వేరొకటి. గురుకులంలో మా గురువుగారు తొలి రెండేండ్లు మా చేత అభ్యంగమే ఎందుకు చేయించారో ఇటువంటప్పుడు బోధపడుతుంది.

గోరువెచ్చని నువ్వుల నూనెతో అభ్యంగం చేసి, ఆ ముడిని వేలితో మెల్లగా అదిమి, సడలేవరకు ఆగాను. పిదప కాపడం. మినపపిండి ముద్దతో నడుముపై గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం అరగంట నిలిపే కటివస్తి ఏడు రోజులు చేశాను. కుంపటిని ఎదురుగా జరుపుకోమన్నాను. నా దృష్టిలో అసలు మందు అదే. మూడవ వారానికి బెల్టు విప్పేశాడు.

వైద్యులు అడగని కారణం ఇంకొకటి ఉంది. మలమూత్రాది వేగాలను ఆపరాదని చెప్పడానికి చరకసంహిత సూత్రస్థానంలో 7వ అధ్యాయమే ఉంది. మలబద్ధం తీరగానే నడుము తేలికపడిన గృహిణులను నేను ఎందరినో చూశాను.

చేతి వైద్యానికీ హద్దు ఉంది. చాలా ఏండ్ల క్రితం ఒక అమ్మకు అయిదు రోజులు నూనె రాశాను. తీరా అది మూత్రపిండంలో రాయి. ఆమె పడిన బాధకు నేనే బాధ్యుణ్ణి. నాటి నుండి జ్వరం, మూత్రంలో మంట, బరువు తగ్గడం, కింద పడటం ఉన్నవా అని అడగనిదే చెయ్యి వేయను. కాలు బలహీనపడినా, తొడల నడుమ తిమ్మిరి వచ్చినా, మలమూత్రాలు అదుపు తప్పినా అది శస్త్రవైద్యుని పని, అదీ ఆ పూటే. అట్టివారు మా గడప ఎక్కితే నూనె గిన్నె తీయను, ఆటో పిలిపిస్తాను.